పాట మధ్యలో టెంపో మార్చడం: మొదటి లెక్క నుంచి ఆఖరి ఎక్స్‌పోర్ట్ దాకా

పల్లవి నింపాదిగా నడుస్తుంటుంది. చరణం దగ్గర పాట పరుగు అందుకోవాలి. లేదంటే ఆఖరి లైన్ మెల్లమెల్లగా ఒదిగి ఆగాలి. పక్కపక్కన కూర్చుని వాయించేవాళ్లకి ఇది కళ్లతో ఒక సైగ చేసుకుంటే అయిపోయే పని. కంప్యూటర్‌కి ఆ సైగ అర్థం కాదు. ఏ బార్‌లో (బీట్ల గుంపు, 4/4లో నాలుగు), ఏ బీట్ మీద (తాళంలో ఒక దెబ్బ), టెంపో, అంటే వేగం, ఎంత నుంచి ఎంతకి అని అన్నీ చెప్పాలి.

చెప్పడం కష్టమేమీ కాదు, అంకె మార్చడానికి పది సెకన్లు చాలు. చాలామంది ఇబ్బంది పడేది ఆ తర్వాత. డ్రమ్స్ కొత్త వేగంలో వెళ్లిపోతాయి, గొంతు పాత వేగంలోనే ఉండిపోతుంది, ప్రతిధ్వని ఇచ్చే డిలే ఎఫెక్ట్ వింతగా మూలుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో బటన్ల కంటే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: మీ ప్రాజెక్ట్‌లో ఉన్న ఒక్కో ట్రాక్ దేనికి కట్టుబడి ఉంది? బార్లకా, సెకన్లకా? దీనికి జవాబు తెలిస్తే మిగతా పని సాఫీగా సాగుతుంది.

బార్లు వేరు, సెకన్లు వేరు

బీపీఎం అంటే నిమిషానికి ఎన్ని బీట్లు అని. 60ని ఆ అంకెతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని సెకన్లో వస్తుంది. 120 బీపీఎంలో బీట్ అర సెకను, 4/4 బార్ రెండు సెకన్లు. 90లో బీట్ 0.667 సెకను, బార్ 2.667 సెకన్లు. ఈ చిన్న భాగహారం తర్వాత చాలాసార్లు అక్కరకొస్తుంది.

మిడి నోటు (శబ్దం కాదు, ఏ నోటు ఎప్పుడు మోగాలో చెప్పే సూచన) "33వ బార్, మొదటి బీట్" అనే చిరునామాతో ఉంటుంది. టెంపో ఎంత మార్చినా ఆ చిరునామా మారదు, అక్కడికి చేరే సమయం మాత్రమే మారుతుంది. రికార్డ్ చేసిన గొంతు సంగతి వేరు. అది సెకనుకి 44,100 లేదా 48,000 శాంపిళ్ల (శబ్దం కొలతల) వరస. "ఇక్కడి నుంచి కాస్త తొందరగా నడువు" అని ప్రత్యేకంగా చెబితే తప్ప దానికి బీట్ అనేదే తెలియదు.

ఈ తేడా నాకు తెలిసొచ్చిన రోజు ఇప్పటికీ గుర్తుంది. 90 బీపీఎంలో ఒక పాట చేస్తున్నాను. గొంతు మొత్తం ఒకే పొడవాటి క్లిప్‌గా రికార్డ్ అయిపోయింది. తర్వాత వింటే చరణం నీరసంగా అనిపించింది. 33వ బార్ దగ్గర టెంపోను 96 చేశాను. 90లో బార్‌కి 2.667 సెకన్లు, 96లో 2.5. అంటే గొంతు బార్‌కి 0.167 సెకను చొప్పున వెనకబడుతూ, ఆరు బార్లు గడిచేసరికి పూర్తిగా ఒక సెకను ఆలస్యమైంది. నేనేమో పాడేవాళ్లు లయ తప్పారేమో అని గొంతును ముక్కలుగా కోసి జరుపుతూ కూర్చున్నాను. పాడినవాళ్ల తప్పేం లేదు. గొంతు సెకన్లకు కట్టుబడి ఉంది, మిగతావన్నీ బార్లకు. అప్పటి నుంచి టెంపో జోలికి వెళ్లే ముందు ట్రాకులన్నీ ఒకసారి చూసుకోవడం అలవాటైపోయింది.

మొదటి మెట్టు: అసలు టెంపో మారాలా?

చరణంలో ఊపు కావాలంటే ప్రతిసారీ టెంపోనే మార్చక్కర్లేదు. తాళం అదే వేగంలో ఉంచి నోట్లను రెట్టింపు చేసినా పాట పరుగెడుతున్నట్టే ఉంటుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లు రెండో కాలం అనేది ఇదే. డ్రమ్స్‌లో హైహ్యాట్‌ను ఎనిమిదో నోట్ల నుంచి పదహారో నోట్లకు మార్చి, స్నేర్‌ను రెండింతలు చేసి ఒకసారి వినండి. అది సరిపోతే మిగతా తలనొప్పి ఏదీ ఉండదు. మాటలు పలికే వేగమే మారాలి అనిపిస్తేనే టెంపోను ముట్టుకోండి.

మారాలని తేలితే, అంకెను స్క్రీన్ మీద వెతక్కండి. పల్లవినీ చరణాన్నీ విడివిడిగా, క్లిక్ (బీట్ చెప్పే టిక్ టిక్ శబ్దం) లేకుండా పాడి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లోని ట్యాప్ టెంపో బటన్‌ను ఒక్కో భాగంతో పాటు కొట్టి అంకె చూడండి. మూడు నాలుగు సార్లు కొడితే ఒక అంకె చుట్టూ నిలబడుతుంది. గొంతు తనకు తానుగా ఎంచుకున్న వేగం అది, దాన్ని నమ్మండి. చాలాసార్లు మనం ఊహించినదానికంటే తేడా చిన్నదే ఉంటుంది. 2 లేదా 3 బీపీఎం పెంచినా చరణం తేలికపడుతుంది, విన్నవాళ్లకు ఏం మారిందో తెలియదు గానీ ఊపు మాత్రం తెలుస్తుంది.

తాళం మారితే ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. 6/8లో మనం కాలితో కొట్టే బీట్ సాధారణంగా చుక్క క్వార్టర్ నోట్ (ఒకటిన్నర క్వార్టర్ నోట్లంత), కానీ చాలా సాఫ్ట్‌వేర్‌లలో బీపీఎం లెక్క క్వార్టర్ నోట్‌దే. కాలు నిమిషానికి 60 సార్లు పడుతుంటే సాఫ్ట్‌వేర్‌లో 90 అని పెట్టాలి. తాళం మార్పు, టెంపో మార్పు రెండూ ఒకే చోట జరిగినా విడివిడిగా రాయాల్సిన విషయాలు.

రెండో మెట్టు: ట్రాకులను సిద్ధం చేయడం

ముందుగా ప్రాజెక్ట్‌ను వేరే పేరుతో సేవ్ చేయండి. పాత టెంపోను ఆ పేరులోనే రాసేయండి. ఈ ఒక్క పని చేస్తే, ఎక్కడైనా తేడా వచ్చినా టెన్షన్ లేకుండా వెనక్కి రావచ్చు.

ఇప్పుడు ట్రాకులు ఒక్కొక్కటీ చూడండి. మిడి ట్రాకులు వాటంతట అవే బార్లను అనుసరిస్తాయి. లూపులను (మళ్లీ మళ్లీ తిరిగే రికార్డింగ్ ముక్కలను) సాఫ్ట్‌వేర్ సాగదీయాలి, కాబట్టి వాటి అసలు టెంపో దానికి సరిగ్గా తెలిసి ఉండాలి. 90 లూప్‌ను 45 అనో 180 అనో పొరపాటు పడటం మామూలే. రికార్డ్ చేసిన గొంతు, గిటార్, వయొలిన్ లాంటివాటి దగ్గర మీరే నిర్ణయం తీసుకోవాలి: సాగదీయాలా, మళ్లీ రికార్డ్ చేయాలా, కోసి భాగాలుగా జరపాలా.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మార్పు 5 శాతం లోపు ఉంటే సాగదీయండి, గొంతు సాధారణంగా తట్టుకుంటుంది. 10 శాతం దాటితే మళ్లీ పాడించడమే మేలు. వేగం మారితే మనిషి మాట విరిచే తీరు, ఊపిరి తీసుకునే చోటు కూడా మారతాయి. ఏ అల్గారిదమూ ఊపిరిని కొత్త చోట పెట్టలేదు.

సాగదీసేటప్పుడు మోడ్ ఎంపిక ముఖ్యం, ఒక్కో సంగీత సాఫ్ట్‌వేర్‌లో దాని పేరు వేరు. ఏబుల్టన్ లైవ్‌లో డ్రమ్స్‌కి బీట్స్, ఒంటరి గొంతుకి కాంప్లెక్స్ ప్రో లేదా టోన్స్, మొత్తం మిక్స్‌కి కాంప్లెక్స్. ప్రో టూల్స్ ఎలాస్టిక్ ఆడియోలో డ్రమ్స్‌కి రిథమిక్, గొంతుకి మోనోఫోనిక్, కార్డ్స్‌కి పాలీఫోనిక్. లాజిక్ ఫ్లెక్స్‌లో కూడా దాదాపు ఇవే పేర్లు కనిపిస్తాయి. రీ-పిచ్, వారీస్పీడ్ లాంటివి టేప్‌ను వేగంగా తిప్పినట్టు శ్రుతిని కూడా మార్చేస్తాయి. 90 నుంచి 120కి వెళితే శ్రుతి దాదాపు ఐదు సెమీటోన్లు పెరుగుతుంది, అంటే షడ్జం వెళ్లి శుద్ధ మధ్యమం మీద కూర్చుంటుంది. డ్రమ్ లూప్‌కి అది బాగుండొచ్చు, గొంతుకి పనికిరాదు.

డ్రమ్స్‌ను నాలుగైదు మైకులతో రికార్డ్ చేసి ఉంటే వాటన్నిటినీ ఒక గ్రూప్‌గా కట్టి కలిపే సాగదీయాలి. విడివిడిగా చేస్తే కిక్ ఒక మైకులో ఒక చోట, ఇంకో మైకులో వెంట్రుకవాసి తేడాతో పడి శబ్దం పలచబడిపోతుంది.

మూడో మెట్టు: అంకె రాయడం

ఏబుల్టన్ లైవ్‌లో అరేంజ్‌మెంట్ వ్యూకి వెళ్లి 'ఎ' నొక్కితే ఆటోమేషన్ (పాట వెంట ఒక విలువ ఎలా మారాలో చూపే గీత) కనిపిస్తుంది. మెయిన్ ట్రాక్‌లో (పాత వెర్షన్లలో దీని పేరు మాస్టర్) మిక్సర్, ఆ తర్వాత సాంగ్ టెంపో ఎంచుకోండి. గీత మీద పాయింట్ పెట్టి, రైట్ క్లిక్ చేసి ఎడిట్ వాల్యూతో కచ్చితమైన అంకె రాయొచ్చు. చేత్తో లాగితే 119.73 లాంటి అంకెలు వస్తాయి, అవి తర్వాత ఏడిపిస్తాయి. ఒక్కసారిగా మారాలంటే ఒకే చోట రెండు పాయింట్లు ఉండాలి, పాతదానికి ఒకటి, కొత్తదానికి ఒకటి. ఒకే పాయింట్ పెట్టి, ముందున్న పాయింట్ ఎక్కడో పాట మొదట్లో ఉంటే, అక్కడి నుంచి ఇక్కడి దాకా టెంపో మెల్లగా ఎక్కుతూనే ఉంటుంది. "పల్లవి ఎందుకో నిలకడగా లేదు" అని అనిపించినప్పుడు మొదట చూడాల్సింది ఇదే. సెషన్ వ్యూలో పనిచేసేవాళ్లు సీన్‌కే టెంపో ఇవ్వొచ్చు, ఆ సీన్ మొదలుపెట్టగానే వేగం మారుతుంది.

ఎఫ్ఎల్ స్టూడియోలో పైనున్న టెంపో అంకె మీద రైట్ క్లిక్ చేసి, క్రియేట్ ఆటోమేషన్ క్లిప్ ఎంచుకోండి. ప్లేలిస్ట్‌లో ఒక క్లిప్ వస్తుంది. టెంపో పరిధి 10 నుంచి 522 వరకు ఉండటం వల్ల క్లిప్‌లో పాయింట్‌ను ఒక్క పిసరు కదిపినా టెంపో చాలా మారిపోతుంది. అందుకని చేత్తో లాగకండి. పైన టెంపోను కావలసిన అంకెకు పెట్టి, దాని మీద రైట్ క్లిక్‌తో కాపీ వాల్యూ చేసి, క్లిప్‌లోని పాయింట్ మీద పేస్ట్ వాల్యూ చేయండి.

లాజిక్ ప్రోలో 'జి' నొక్కితే గ్లోబల్ ట్రాకులు తెరుచుకుంటాయి. టెంపో ట్రాక్‌లో పెన్సిల్‌తో పాయింట్ పెట్టండి, రెండు పాయింట్ల మధ్య మూలను లాగితే వంపు వస్తుంది. ఆడియో రీజియన్ టెంపోను అనుసరించాలా వద్దా అనేది ఫ్లెక్స్ అండ్ ఫాలో అనే సెట్టింగ్ చెబుతుంది.

క్యూబేస్‌లో కంట్రోల్ 'టి'తో టెంపో ట్రాక్ ఎడిటర్ వస్తుంది. ట్రాన్స్‌పోర్ట్‌లో టెంపో ట్రాక్ ఆన్ అయి ఉందో లేదో చూడండి. అది ఆఫ్‌లో ఉంటే మీరు ఎంత అందంగా గీసినా పాట ఒకే వేగంలో పోతుంది. పాయింట్ల మధ్య జంప్ (ఒక్కసారిగా మారడం) కావాలా ర్యాంప్ (మెల్లగా మారడం) కావాలా అని అక్కడే ఎంచుకోవచ్చు. ప్రతి ట్రాక్‌కీ మ్యూజికల్ (బార్లకు), లీనియర్ (సెకన్లకు) అనే రెండు ఆధారాలు ఉంటాయి. మొదట్లో నేనడిగిన ప్రశ్నకు క్యూబేస్ ట్రాక్ మీదే జవాబు రాసి పెట్టింది.

రీపర్‌లో కర్సర్ పెట్టి షిఫ్ట్ 'సి' కొడితే టెంపో మార్కర్ పెట్టే పెట్టె తెరుచుకుంటుంది, మెల్లగా మారాలంటే తర్వాతి మార్కర్ దాకా క్రమంగా మారే టిక్ పెట్టాలి. అంతకంటే ముందు ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌బేస్ చూడండి. టైమ్ అని ఉంటే క్లిప్పులు సెకన్లకు అతుక్కుంటాయి. బీట్స్ అని ఉండి పొజిషన్, లెంగ్త్, రేట్ మూడూ ఉంటే క్లిప్ సాగుతుంది కూడా. పొజిషన్ మాత్రమే అయితే క్లిప్ మొదలు జరుగుతుంది గానీ లోపలి శబ్దం మారదు. ముక్కలుగా కోసిన గొంతుకి నేను వాడేది ఈ మూడోదే.

ప్రో టూల్స్‌లో కండక్టర్ ట్రాక్ ఆన్ చేసి టెంపో రూలర్‌లో మార్పు చేర్చండి, ట్రాక్ టిక్స్‌లో (బార్లకు) ఉందా శాంపిల్స్‌లో (సెకన్లకు) ఉందా చూసుకోండి.

నాలుగో మెట్టు: అతుకు వినపడకుండా

అంకె మారింది కదా అని పని అయిపోలేదు. చెవికి కొత్త వేగాన్ని ముందే పరిచయం చేయాలి. ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

90 నుంచి 120కి ఒక్కసారిగా దూకే పాటను తీసుకుందాం. 90లో ఒక బీట్‌లో ముప్పావు వంతు, అంటే చుక్క ఎనిమిదో నోట్, సరిగ్గా అర సెకను. 120లో ఒక బీట్ కూడా అర సెకనే. కాబట్టి పాత వేగంలోని ఆఖరి బార్‌లో రెండో బీట్ నుంచి మూడు బీట్లు తీసుకోండి, మొత్తం రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో స్నేర్ మీద నాలుగు సమానమైన దెబ్బలు పెట్టండి. గ్రిడ్‌ను (స్క్రీన్ మీది బీట్ల గడులను) పదహారో నోట్లకు పెడితే ప్రతి మూడు గడులకు ఒక దెబ్బ పడుతుంది: రెండో బీట్‌లో మొదటి గడి, నాలుగో గడి, మూడో బీట్‌లో మూడో గడి, నాలుగో బీట్‌లో రెండో గడి. నాలుగో దెబ్బ తర్వాత అర సెకనుకి కొత్త బార్ మొదలవుతుంది. వినేవాళ్ల చెవికి ఆ నాలుగు దెబ్బలే "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని 120లో లెక్క పెట్టి ఇచ్చినట్టు ఉంటాయి. దూకుడు దూకుడులా అనిపించదు, గేరు మారినట్టు ఉంటుంది. ఒకసారి చేసి చూడండి, రెండు సార్లు వినగానే ఎందుకు పనిచేస్తుందో ఒంటికే తెలుస్తుంది.

ఇంత చక్కటి నిష్పత్తి కుదరనప్పుడు, మార్పుకు ముందు అర బార్ నిశ్శబ్దం వదలండి. లేదా డ్రమ్స్ ఆపి ఒక పొడవాటి కార్డ్ మాత్రం ఉంచండి. లయ చెప్పేవాళ్లు లేని చోట వేగం మారితే చెవి అభ్యంతరం చెప్పదు.

మెల్లగా మారే ర్యాంప్‌లో చాలామంది చేసే పొరపాటు దాన్ని మరీ పొడుగ్గా పెట్టడం. పదహారు బార్ల ర్యాంప్‌లో వాయించేవాళ్లకి ఎక్కడా నిలకడ దొరకదు. రెండు నుంచి నాలుగు బార్లు చాలు.

ముగింపులో వేగం తగ్గించడానికి తిన్నని గీత పనికిరాదు. మనుషులు వాయించేటప్పుడు మొదట కొద్దిగా, చివర్లో ఎక్కువగా తగ్గుతారు. 80లో ఉన్న పాటకు ఆఖరి రెండు బార్లలో బీట్‌కి ఒకటి చొప్పున ఇలా ప్రయత్నించండి: 80, 79, 77, 75, 72, 68, 62, 54. మొదటి బీట్ 0.75 సెకను, ఆఖరిది 1.11. ఈ అంకెలే వేదం కాదు. పాడుతూ ఒకటి రెండు అటూ ఇటూ చేసుకోండి. ఆఖరి నోటు బాగా నిలవాలనుకుంటే టెంపోను పాతాళానికి దించే బదులు నోటునే పొడిగించండి. లూపులు, ఎఫెక్టులు చెదరకుండా ఉంటాయి.

ఐదో మెట్టు: ఎఫెక్టుల సంగతి

టెంపోకి సింక్ చేసిన డిలే 90లో క్వార్టర్ నోట్‌కి 667 మిల్లీసెకన్లు, 120లో 500. టేప్ తరహా డిలేలో ఆ మార్పు జరిగే క్షణాన ప్రతిధ్వని శ్రుతి జారుతూ వినిపిస్తుంది. దానికి రెండు మార్గాలున్నాయి: మార్పుకు ఒక బార్ ముందు ఫీడ్‌బ్యాక్‌ను (ప్రతిధ్వని మళ్లీ మళ్లీ రావడాన్ని) ఆటోమేషన్‌తో తగ్గించేయడం, లేదా పాత భాగానికి ఒక డిలే, కొత్త భాగానికి ఇంకో డిలే వేరే ట్రాకుల్లో పెట్టడం. నేను రెండోదే వాడతాను, పాత ప్రతిధ్వని తన వేగంలోనే హాయిగా ఆరిపోతుంది. ఆర్పెజియేటర్లు, ట్రెమలో, ఆటో ప్యాన్ లాంటి టెంపో వెంట నడిచేవాటిని కూడా ఇదే అనుమానంతో ఒకసారి వినండి. రివర్బ్ (గది మోత) తోకకు సాధారణంగా ఏమీ కాదు.

క్లిక్ లేకుండా ముందే రికార్డ్ అయిపోతే

అప్పుడు పని తిరగబడుతుంది. ఆడియోను గ్రిడ్‌కి సర్దకండి, గ్రిడ్‌ను ఆడియోకి సర్దండి. రికార్డింగ్‌ను సెకన్లకు లాక్ చేసి, ప్రతి బార్ మొదటి బీట్ ఎక్కడ పడిందో చూపిస్తూ పోవాలి. క్యూబేస్‌లో టైమ్ వార్ప్ పరికరం, ప్రో టూల్స్‌లో ఐడెంటిఫై బీట్, లాజిక్‌లో స్మార్ట్ టెంపో అడాప్ట్ మోడ్ ఈ పని చేస్తాయి. ఏబుల్టన్ లైవ్‌లో వార్ప్ చేసిన క్లిప్‌ను టెంపో లీడర్‌గా పెడితే పాట మొత్తం దాని వెంట నడుస్తుంది.

ప్రతి బీట్‌కీ మార్కర్ పెట్టకండి. బార్‌కి ఒకటి, నిలకడగా వాయించిన చోట నాలుగు బార్లకు ఒకటి చాలు. మరీ దగ్గరగా పెడితే వాయించినవాళ్ల చిన్నచిన్న ఊగిసలాటలన్నీ టెంపోలోకి ఎక్కి, పైన పెట్టిన మిడి డ్రమ్స్ తడబడుతున్నట్టు వినిపిస్తాయి.

వినడం, పంపడం

మార్పుకు నాలుగు బార్ల ముందు నుంచి క్లిక్‌తో ఒకసారి, క్లిక్ లేకుండా ఒకసారి వినండి. రెండోసారి స్క్రీన్ వైపు చూడకండి. గీత కనిపిస్తుంటే చెవి ముందే సర్దుకుంటుంది. తర్వాత చరణం మధ్య నుంచి ప్లే చేసి గొంతు, డ్రమ్స్ కలిసే ఉన్నాయా చూడండి. అతుకు దగ్గర సరిగ్గా ఉండి, ఇరవై బార్లు గడిచాక తేడా బయటపడటం మామూలే.

వీడియోకి సంగీతం చేస్తుంటే, ముందున్న టెంపో మారినప్పుడల్లా తర్వాతివన్నీ జరుగుతాయి. దృశ్యాలకు పెట్టుకున్న మార్కర్లను సెకన్లకు లాక్ చేసి ఉంచండి.

వేరేవాళ్లకు పంపేటప్పుడు ఆడియో ట్రాకులన్నీ పాట సున్నా నుంచి మొదలయ్యేలా ఎక్స్‌పోర్ట్ చేయండి, టెంపో మ్యాప్ (ఎక్కడ ఎంత వేగమో చెప్పే వివరం) కోసం మిడి ఫైల్ కూడా ఇవ్వండి. మిడి ఫైల్‌లో టెంపో మార్పులు మెట్లుగానే ఉంటాయి, ర్యాంప్ అనేది ఉండదు. నున్నటి వంపు చిన్నచిన్న మెట్లుగా మారి వెళ్తుంది. ర్యాంప్‌ను అవతలివాళ్లు చేత్తో మళ్లీ గీసుకుంటామంటే ఒప్పుకోకండి. 90 నుంచి 120కి నాలుగు బార్ల ర్యాంప్‌ను బీట్ల వెంట సమానంగా పెంచితే 9.206 సెకన్లు, సెకన్ల వెంట సమానంగా పెంచితే 9.143. ఆ 0.063 సెకను తేడా అక్కడి నుంచి మిగతా పాట మొత్తాన్నీ పక్కకు తోస్తుంది. అవతల ఫైల్ తెరవగానే టెంపో 120 అని కనిపిస్తే, మీ పాట అసలు 120లో లేకపోతే, మ్యాప్ చేరలేదని అనుమానించండి, టెంపో సమాచారం లేని మిడి ఫైల్‌ను 120గా తీసుకోవడమే ఆనవాయితీ. ఇవన్నీ ఉన్నా సరే, "1వ బార్: 90, 33వ బార్: 96" అని ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసి అదే ఫోల్డర్‌లో పెట్టండి.